వేలెడు జుట్టు

ఫిల్మ్‌నగర్,
జూలై.

చి॥సౌ॥ గీతికకు ఆశీస్సులు.

ముప్పై నాలుగేళ్ల కిందట, ఇదే వీధిలో, మా అద్దె వాటాలో, వరప్రసాద్ అనే నిర్మాత మా సాయిసుధ ఉయ్యాల గొలుసు పట్టుకుని నా భార్యకు మాట ఇచ్చాడు. "అమ్మా లీలాకుమారీ, నీ జుట్టు మళ్లీ పెరిగేదాకా కెమెరా బయటికి తియ్యను. ఈ బిడ్డ మీద ఒట్టు" అన్నాడు. ఒట్టు పెట్టుకున్నది మా బిడ్డ మీద. అంతకు నెల ముందే పుట్టిన తన కొడుకు మీద కాదు. గట్టి వ్యాపారస్థుడు ఎప్పుడూ ఎదుటివాడి సరుకే తాకట్టు పెడతాడు.

నీ చీటీ అందింది. పురుడు పోసుకుని నాలుగో నెల నడుస్తోందనీ, జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతోందనీ, లీలమ్మగారికి కూడా ఇలాగే అయిందని మీ అమ్మ చెప్పిందనీ, అప్పుడు ఆవిడ ఏం చేసిందో చెప్పమనీ రాశావు. మీ అమ్మకు తెలియనిది నా దగ్గర ఏముంటుంది? కౌసల్య అప్పట్లో హెయిర్ డ్రెస్సర్. ఏడేళ్లు లీల తల దువ్వింది, నూనె రాసింది, పూలు పెట్టింది. జడ అల్లుతూ వీధిలో కబుర్లన్నీ చెప్పేది. ఆమె ఇంకేమైనా చెప్పిందా? చెప్పి ఉంటే అది కూడా రాయి.

నాకు తెలిసినంత చెబుతాను. లీల జుట్టు మూడో నెలలో రాలడం మొదలై, ఏడో నెలకు ఆగింది. నుదుటి మీద పసిపిల్లకు వచ్చినట్టు చిన్న చిన్న వెంట్రుకలు వచ్చాయి. వాటంతట అవే వచ్చాయి. నూనెలు కొనకు. ఆ నూనెల ప్రకటనలకు నేనే మాటలు రాశాను, అందుకే చెబుతున్నాను.

ఫోన్ చేయకు. నా చెవులు పోయాయి. నీకు భాష నేర్పిన రోజుల్లో వారానికో ఉత్తరం రాయించేవాణ్ని కదా, 'ల'కీ 'ళ'కీ తేడా తెలియని పిల్లవని. ఆ అలవాటు మళ్లీ మొదలుపెట్టు. నువ్వు హీరోయిన్‌వి అయ్యాక నీ అక్షరాలు ఎలా చెడిపోయాయో చూడాలని ఉంది.

వెంకటరామయ్య

*

రహమత్ నగర్,
జూలై.

మాస్టారికి నమస్కారాలు.

అక్షరాలు చెడిపోయాయి. ఒప్పుకుంటాను. ఒక చేత్తో పాపను పట్టుకుని రాస్తున్నాను.

మాస్టారూ, నాకు దువ్వెన అంటే భయం పట్టుకుంది. దాన్ని బియ్యం డబ్బా వెనక దాచాను. దిండు మీద వెంట్రుకలు, పాలసీసా మూతలో వెంట్రుకలు, పాప గుప్పిట విప్పితే నా వెంట్రుకలు. మొన్న భువన గుక్క పట్టి ఏడ్చింది. పాలిచ్చినా ఆపదు, ఎత్తుకున్నా ఆపదు. సాక్స్ విప్పి చూస్తే కాలి బొటనవేలికి నా వెంట్రుక ఒకటి బిగుసుకుపోయింది. వేలు ఎర్రగా ఉబ్బింది. గోటితో తెంపాను. అది నిద్రపోయాక నేను ఏడ్చాను. నా తల నా పిల్లకు హాని చేస్తుందని ఎప్పుడైనా అనుకున్నానా?

అమ్మ నవ్వుతుంది. "బిడ్డ మొఖం గుర్తువట్టి నవ్వుడు షురువైతే తల్లి ఎంటికెలు రాలుతయే. గిదంత మామూలే. ఫికర్ జెయ్యకు" అంటుంది. మా ఆయన కమలాకర్ సంగతి మీకు తెలుసు. సౌండ్ ఇంజనీర్, చీమ నడిచినా వినబడుతుంది, పెళ్లాం ఏడుపు వినబడదు. ఆదివారం ఇక్కడికి, అమ్మ ఇంటికి వచ్చి, "జర బాత్రూం జాలీ సాఫ్ చెయ్యవా, నీళ్లు పోతలేవు" అన్నాడు. ఆ జాలీలో ఉన్నది నేనే కదా మాస్టారూ.

జుట్టు పోతే ఇంట్లో కూర్చుని ఏడ్చేదాన్ని. కానీ సినిమా సగంలో ఉంది. కడుపు కనబడే ముందు సగం తీశారు. నడుము దాటిన జడతో కోర్టు మెట్లు ఎక్కే షాట్ అయిపోయింది. కోర్టు లోపల నేను బోనులో నిలబడి మాట్లాడే పెద్ద సీను మిగిలింది. ఆ సీను కోసమే ఈ సినిమా ఒప్పుకున్నాను. ఐదేళ్లుగా చెట్ల చుట్టూ తిరిగినదానికి మొదటిసారి నాలుగు పేజీల మాటలు దొరికాయి. మెట్ల మీద బారెడు జడ, లోపలికెళ్తే పిలక! హాల్లో ఈలలు వేస్తారు.

నిర్మాత ఎవరో మీకు తెలుసు. మీరు రాసిన వరప్రసాద్ గారి కొడుకే, సాయిశ్రీనివాస్. "దసరా దాకా ఆగుతాం మేడమ్, మీ ఆరోగ్యం ముఖ్యం" అన్నారు. మంచిగానే మాట్లాడారు.

అమ్మ ఒక ఉపాయం చెప్పింది. కొండకు పోయి తలనీలాలు ఇచ్చేస్తే కొత్త జుట్టు ఒత్తుగా వస్తుందట. "గుండు కొట్టిపియ్యి బిడ్డా. దేవునికిచ్చిన ఎంటికెల గురించి ఎవడు అడుగుతడు?" అంటుంది. నిజమే అనిపిస్తోంది. రోజూ కొంచెం కొంచెం పోగొట్టుకోవడం కంటే ఒకేసారి ఇచ్చేస్తే నయం కదా?

ఆ ఒట్టు తర్వాత ఏమైందో మీరు రాయలేదు.

మీ గీతిక

*

ఫిల్మ్‌నగర్,
ఆగస్టు.

గీతికా,

వెళ్లకు. మిగతా ఉత్తరం తర్వాత చదువుకోవచ్చు, ముందు ఈ ఒక్క మాట చదువు. కొండకు వెళ్లకు.

ఒట్టు తర్వాత ఏమైందో చెబుతాను. అది కూడా సగం తీసిన సినిమానే. లీల జడ మీద ఒక పాటే ఉంది అందులో. ఏడో నెలలో నుదుటి మీద కొత్త వెంట్రుకలు వచ్చాయని చెప్పాను కదా. ఆ సంగతి వరప్రసాద్‌కు తెలిసింది. అప్పటికే ముంబయి నుంచి ఒక కొత్త అమ్మాయిని చూసి పెట్టుకున్నాడు. లీలను తీసేస్తే మాట తప్పినవాడవుతాడు. నటీనటుల సంఘంలో పంచాయితీ, పత్రికల్లో రచ్చ. లీల జుట్టు తనంతట తాను పెరిగితే ఆ అమ్మాయికి వేషం ఉండదు.

సరిగ్గా అప్పుడే మా ఇంట్లో మొక్కు మాట పుట్టింది. ఒక మనిషి లీల తల నిమురుతూ చెప్పింది, గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందని. నేను వైజాగ్‌లో ఒక సినిమాకు మాటలు రాస్తున్నాను. తిరిగొచ్చేసరికి లీల గుమ్మంలో నిలబడి ఉంది. తలకు చందనం పూసి ఉంది. నవ్వుతోంది. "బాగున్నానా? సాయిసుధ నన్ను గుర్తుపట్టలేదండీ" అంది.

వారం తిరక్కుండా వరప్రసాద్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. చిత్రం పూర్తయ్యేవరకు నటి తన రూపంలో ఏ మార్పూ చేసుకోరాదని అగ్రిమెంటులో ఉందట. తన ఇష్టంతో తల గొరిగించుకున్నందువల్ల అగ్రిమెంటు రద్దయిందట. చూశావా? జుట్టు రాలితే అది ఒంటి దోషం, నిర్మాత ఆగాలి. గొరిగించుకుంటే అది ఆర్టిస్టు దోషం. పైగా దేవుడికి ఇచ్చింది, ఎవరి మీద పంచాయితీ పెడుతుంది? దేవుడి మీదా?

'జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే' అంటారు. లీలకు తర్వాత జుట్టు వచ్చింది. మునుపటి కంటే ఒత్తుగానే వచ్చింది, అది ఎలాగైనా వచ్చేదే. వేషమే రాలేదు. 'గుండు హీరోయిన్' అన్న పేరు ఈ వీధిలో పాతికేళ్లు నడిచింది. పాలవాడికి కూడా తెలుసు.

నీ అగ్రిమెంటు తీసి చదువు. ఇంగ్లీషులో ఉంటుంది, నీకు బాగా వచ్చిన భాషే.

వెంకటరామయ్య

*

రహమత్ నగర్,
ఆగస్టు.

మాస్టారికి,

మీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. వినిపించకుండా ఉండాల్సింది. సగంలో లేచి వెళ్లిపోయి గిన్నెలు తోముతూ కూర్చుంది. తోమిన గిన్నెలే మళ్లీ తోమింది. "మీ సారుకు దేవుడంటె నమ్మకం లేదు. పుస్తకాలు చదివి చదివి మనుషులను నమ్ముడు గూడ బంద్ జేసిండు" అంది. కళ్లు తుడుచుకుంది.

మీ బాధ నాకు అర్థమైంది. కానీ మాస్టారూ, బోడిగుండుకూ మోకాలికీ ముడిపెడుతున్నారేమో అని కూడా అనిపించింది. తండ్రి అలా చేశాడని కొడుకూ అలాగే చేస్తాడా? సాయిశ్రీనివాస్ గారి మేనేజర్ బాలనర్సయ్య గారు నిన్న ఇంటికి వచ్చారు, ఇంత పెద్ద పండ్ల బుట్ట తెచ్చారు. "అమ్మా, మొక్కు సంగతి మీ మదర్ చెప్పింది. మంచి ఆలోచన. కారు పంపుతం, దర్శనం మేమే జూస్కుంటం. మీరు ఒక్క రూపాయి తియ్యొద్దు" అన్నారు. అమ్మకు చీర పెట్టారు.

బంజారా హిల్స్‌లో డాక్టరు దగ్గరికి కూడా వెళ్లాను. కడుపుతో ఉన్నప్పుడు రాలకుండా ఆగిన జుట్టంతా ఇప్పుడు ఒక్కసారిగా రాలుతోందట. జబ్బు కాదట. ఏడాది తిరిగేలోగా వస్తుందట. మీరు చెప్పిందే ఆవిడా చెప్పింది, కాకపోతే ఫీజు తీసుకుని చెప్పింది. వస్తుంది అని అందరూ అంటారు. అద్దంలో మాత్రం పాపిడి రోజురోజుకూ వెడల్పవుతోంది. నల్ల పొడి చల్లుకుని కెమెరా ముందు నిలబడితే లైట్ల వేడికి అది చెమటతో కలిసి చెంపల మీదికి దిగింది. టెస్ట్ షూట్‌లో అందరూ చూశారు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

అందుకే వెళ్లాలనుకుంటున్నాను. వచ్చే శుక్రవారం కారు వస్తుంది. అగ్రిమెంటు జూబ్లీహిల్స్ ఇంట్లో బీరువాలో ఉంది, తెప్పించుకోలేదు. తిట్టుకోకండి.

ఒక్కటి అడుగుతాను. లీలమ్మగారికి ఆ మాట చెప్పి కొండకు తీసుకువెళ్లింది ఎవరు? మీరు 'ఒక మనిషి' అని రాశారు. మీరు పేరు రాయకుండా వదిలేసిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

గీతిక

*

ఫిల్మ్‌నగర్,
ఆగస్టు.

గీతికా,

తిట్టుకోవద్దంటావు. నాకు మిగిలిన వ్యాయామం అదొక్కటే.

పండ్ల బుట్ట లీలకూ వచ్చింది. కారూ వచ్చింది. దర్శనం వాళ్లే చూసుకున్నారు. తండ్రి స్క్రిప్టును కొడుకు మక్కికి మక్కి తీస్తున్నాడు, డైలాగు కూడా మార్చలేదు. సినిమా కుటుంబాల్లో వారసత్వం అంటే ఇదే.

ఆలోచించు. వాళ్లు నిన్ను కొండకు వెళ్లవద్దని ఎందుకు అనలేదు? సగం తీసిన సినిమాలో హీరోయిన్ గుండు చేయించుకుంటానంటే నిర్మాత కాళ్లు పట్టుకుని ఆపాలి. వీడు కారు పంపుతున్నాడు.

ఆ పేరు రాయను. నువ్వు నా దగ్గర భాష నేర్చుకోవడానికి వచ్చిన మొదటి రోజు, నిన్ను దింపడానికి ఎవరు వచ్చారో గేటు దగ్గర చూసి లీల లోపలికి వచ్చింది. నా చెయ్యి పట్టుకుంది. "ఈ పిల్లకు శ్రద్ధగా నేర్పండి. ఆ సంగతి మాత్రం ఈ పిల్ల చెవిన ఎప్పుడూ వెయ్యనని మాటివ్వండి" అంది. ఇచ్చాను. లీల పోయి మూడేళ్లయింది, ఆ మాట ఇంకా ఉంది.

కాబట్టి నన్ను అడగకు. అగ్రిమెంటు తెప్పించి చదువు. చదివాక దాన్ని పట్టుకుని, నీ తల దువ్వే మనిషిని అడుగు.

వెంకటరామయ్య

*

జూబ్లీహిల్స్,
సెప్టెంబరు.

మాస్టారికి నమస్కారాలు.

కొండకు వెళ్లలేదు. శుక్రవారం కారు వచ్చి, హారన్ కొట్టి కొట్టి, ఖాళీగా వెళ్లింది.

అగ్రిమెంటులో ఉంది. మీరు చెప్పిన వాక్యమే, ఇంగ్లీషులో. కమలాకర్‌కు చదివి వినిపించాను. ఆ తర్వాత బాత్రూం జాలీ తనే శుభ్రం చేశాడు. దాన్ని క్షమాపణ అనుకుంటున్నాను.

అమ్మను అడిగాను. అప్పుడు నా తలకు కొబ్బరినూనె రాస్తోంది. చేతులు ఆగిపోయాయి.

"లీలమ్మను కొండకు తోల్కపోయింది నువ్వేనా అమ్మా?"

"ఎవరు జెప్పిండ్రు? సారా?"

"సారు చెప్పలేదు. ఎవరు చెప్పమంటే చెప్పినవ్?"

నూనె గిన్నె పక్కన పెట్టింది. తర్వాత అంది, "వరప్రసాద్ సారు పిలిచిండు. కౌసల్యా, లీలమ్మ నీ మాట ఇంటది, జర నచ్చజెప్పు, ఆమె మంచికే అన్నడు. నేను గూడ మంచికే అనుకున్న. ఒత్తుగ వస్తదని మా అవ్వ జెప్పేది. గా నెలలనే నాకు యూనియన్ కార్డు ఇప్పిచ్చిండు. కార్డు లేకుంటె లీలమ్మ దగ్గర తప్ప యాడ పని లేదు బిడ్డా. మీ నాయిన తాగి పడుండె. గా కార్డు మీదనే నిన్ను ఇంగ్లీష్ మీడియం సదివిచ్చిన. నేను లీలమ్మకు చెడు జేస్తనా? ఆమె గుండు జూసి నేనే ఎక్కువ ఏడ్చిన."

"నాకెందుకు చెప్పినవ్ అదే మాట?"

"నీకు గూడ చెడు జేస్తనా?" అంది. అంతే. నూనె చేతులతోనే మొహం కప్పుకుంది.

మర్నాడు ఆఫీసుకు వెళ్లాను. పొడి చల్లుకోలేదు, టోపీ పెట్టుకోలేదు. జుట్టు విప్పుకుని వెళ్లాను, ఉన్నది ఉన్నట్టు. సాయిశ్రీనివాస్ గారు కుర్చీలో నుంచి లేచి, "మేడమ్, మీరు మొక్కుకున్నారని విన్నానే?" అన్నారు. "ఎవరు చెప్పారండీ?" అన్నాను. ఆయన బాలనర్సయ్య గారి వైపు చూశారు. బాలనర్సయ్య గారు ఏసీ వైపు చూశారు. అగ్రిమెంటు బల్ల మీద పెట్టి చెప్పాను: "నా రూపం నేను మార్చుకోలేదు. ప్రసవం మార్చింది. ఒక్క వెంట్రుక కూడా కత్తిరించను. సవరం పెట్టి తియ్యండి, లేదంటే మీరే చెప్పినట్టు దసరా దాకా ఆగండి. నన్ను తియ్యాలంటే, బాలింత జుట్టు రాలిందని తీసేశామని మీ నోటితో పత్రికలకు చెప్పండి." మీరు నేర్పినట్టు ముక్కుతో గాలి పీల్చుకుని ఆఖరి వాక్యం నెమ్మదిగా చెప్పాను.

రెండు రోజులు ఫోన్ రాలేదు. మూడో రోజు డైరెక్టర్ గారే చేశారు. నవంబరులో కోర్టు సీను. సవరం పెడతారట. నా వేషం నాకే ఉంది మాస్టారూ!

ఇంకో సంగతి. నుదుటి మీద చిన్న వెంట్రుకలు వచ్చాయి. దువ్వితే లొంగవు, నిటారుగా నిలబడతాయి. భువన వాటిని పట్టుకోవాలని చూస్తుంది, దొరకవు, కోపం తెచ్చుకుంటుంది. దువ్వెన బియ్యం డబ్బా వెనక నుంచి తీసి వెంట తెచ్చుకున్నాను.

షూటింగ్‌కు మీరు రావాలి. సవరం కట్టేది అమ్మే. మీ ముందు చేతులు జోడిస్తానంటోంది. రోజూ అడుగుతోంది, "సారు వస్తడా?" అని. మాస్టారూ, తను మోసం చేయలేదు. నమ్మింది. నమ్మకపోతే కన్నకూతురికి అదే మాట చెబుతుందా? మీరు ఇంత చదివారు. వరప్రసాద్ గారు పోయారు, లీలమ్మగారూ పోయారు. ఇంకా ఎవరి మీద కోపం?

మీ గీతిక

*

ఫిల్మ్‌నగర్,
అక్టోబరు.

చి॥సౌ॥ గీతికకు,

నీ ఉత్తరంలో 'ళ'లన్నీ సరిగ్గా పడ్డాయి. ఆఫీసులో నువ్వు చెప్పిన మాటలు నేను రాసిన ఏ డైలాగు కన్నా బాగున్నాయి. ఆ సంగతి ఇంకెవరికీ చెప్పకు. లీల ఉంటే నీకు దిష్టి తీసేది.

వేషం నిలబెట్టుకున్నావు. లీల నిలబెట్టుకోలేకపోయింది. ఆమెకు నీకున్న ధైర్యం లేక కాదు. ఆమెకు ముందే చెప్పేవాళ్లు లేక. నీకు నేను చెప్పాను. ఆమెకు చెప్పాల్సిన మనిషి, చెప్పకూడనిది చెప్పింది.

క్షమించమంటావు. క్షమ గురించి నా బీరువాలో రెండు అరల పుస్తకాలున్నాయి. రాసినవాళ్లలో ఒక్కరికైనా బాలింతగా జుట్టు ఊడలేదు. కొనుక్కున్న పాపానికి చదివాను, అంతే.

మీ అమ్మ నమ్మింది అంటావు. ఒత్తుగా వస్తుందని నమ్మి ఉండవచ్చు, మన ఆడవాళ్లలో సగం మంది నమ్ముతారు. దానికి నేను ఏమీ అనను. కానీ ఆమె హెయిర్ డ్రెస్సర్. సగం తీసిన సినిమాలో హీరోయిన్ జుట్టు వేలెడు కూడా కత్తిరించకూడదని ఈ వీధిలో మొట్టమొదట తెలిసేది ఎవరికి? ప్రతి షాటుకూ పాపిడి ఎక్కడుంది, పువ్వు ఏ వైపుంది, ముంగురు ఎంత జారిందని చూసుకోవడమే కదా ఆమె పని. ఒకసారి కొత్త కుర్రది ఎవరో లీల జడ చివర కొంచెం కత్తిరించబోతే మీ అమ్మ ఆ పిల్ల చెంప పగలగొట్టింది. "సినిమా సగంల ఉంది, కత్తెర ముట్టుకుంటవా?" అంది. నేను అక్కడే ఉన్నాను. అది తిరుపతి ప్రయాణానికి ఏడాది ముందు.

ఆ చేత్తోనే లీలను కొండకు కారెక్కించింది.

కన్నకూతురికి అదే మాట చెప్పింది కాబట్టి నిజాయితీ అంటావు. నాకు వేరేగా తోస్తోంది. ఇన్నేళ్లుగా అది మంచి సలహా అని తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది. నీకు చెప్పకుండా ఊరుకుంటే, అది మంచిది కాదని తనకే ఒప్పుకున్నట్టవుతుంది. ఒప్పుకోవడం కంటే నీ తల గొరిగించడం తేలిక అనిపించింది. ఇలా రాస్తే నీకు కోపం వస్తుందని తెలుసు. రానీ. ఆ తర్వాత నువ్వు నాకు ఉత్తరం రాయకపోవచ్చు. నెలకు ఒక్క ఉత్తరం వచ్చే ఇల్లు ఇది, అది కూడా మానేస్తే పోస్టుమాన్‌కు నా గుమ్మం మరిచిపోవడం ఎంతసేపు? అయినా రాస్తున్నాను.

షూటింగ్‌కు రాను. చేతులు జోడిస్తే నేను ఎక్కడ చూడాలి? పాపను తీసుకుని నువ్వొక్కదానివే ఒక మధ్యాహ్నం రా. ఆ వెంట్రుక చుట్టుకున్న వేలు చూస్తాను. సాయిసుధ షేక్‌పేట నుంచి వచ్చి వంట చేస్తుంది. వాళ్లమ్మ గుండు చూసి గుర్తుపట్టక ఏడ్చిన పిల్ల అదే, ఇప్పుడు దాని పాపిడిలో తెల్లవెంట్రుకలు వచ్చాయి.

వరప్రసాద్ మీద నాకు కోపం ఎప్పుడో చల్లారింది. అతను నిర్మాత. నిర్మాత ఒట్టు నమ్మడం వేసవిలో అద్దె ఇంటి నల్లాను నమ్మడం లాంటిది. లీల అతన్ని ఎప్పుడూ నమ్మలేదు. ఆమె నమ్మింది వెనక నిలబడి తల దువ్వే చేతుల్ని. అద్దంలో ఆ చేతులు కనబడతాయి, మొహం కనబడదు.

ఇంకా ఎవరి మీద కోపం అని అడిగావు. ఆ పేరు నీకు చెప్పనని లీలకు మాటిచ్చాను. మాట తప్పేవాళ్ల మధ్య నా జీవితమంతా గడిచింది. ఈ ఒక్కసారి నేనూ తప్పి, ఆ పేరు రాస్తున్నాను.

కౌసల్య.